తీగ లేని ఫ్లాష్‌తో షూట్: ముందు రోజు సాయంత్రం చూసుకోవాల్సినవి

కెమెరా మీదున్న ఫ్లాష్ పరిస్థితి మన చేతికే తెలిసిపోతుంది. వదులైతే ఊగుతుంది, వేడెక్కితే తగులుతుంది, బ్యాటరీ నీరసపడితే రెడీ లైటు ఆలస్యంగా వెలుగుతుంది. అదే ఫ్లాష్‌ని స్టాండు మీద పెట్టి నాలుగు మీటర్ల అవతల నిలబెట్టామంటే ఈ కబుర్లేవీ మనదాకా రావు. తీగ పోయింది కాబట్టి కాలికి అడ్డం పడేది ఒకటి తగ్గిన మాట నిజమే. కానీ లోపలి కరెంటు ఎక్కడికీ పోలేదు, వేడీ పోలేదు, పైగా ఇప్పుడు ఆ బరువంతా మనుషుల తలలకంటే ఎత్తులో ఉంది. అందుకే వైర్‌లెస్ ఫ్లాష్‌లతో పెద్ద పని ఒప్పుకున్నప్పుడు జాగ్రత్తలు ముందు రోజు సాయంత్రమే మొదలుపెట్టాలి. జనం ఎదురుచూస్తుంటే టెన్షన్ పడుతూ చూసుకునే విషయాలు కావివి.

ముందు బ్యాటరీలు

ఫ్లాష్‌కి బ్యాటరీల నుంచి వచ్చేది కొద్ది వోల్టులే. లోపలి సర్క్యూట్ దాన్ని సుమారు 300 వోల్టులకు పెంచి కెపాసిటర్‌లో నిల్వ చేస్తుంది. షట్టర్ నొక్కగానే ఆ నిల్వ జెనాన్ గొట్టంలోంచి రెప్పపాటుకంటే తక్కువ సమయంలో వెలుగుగా బయటికొస్తుంది. స్విచ్ ఆపినా, బ్యాటరీలు తీసేసినా ఆ కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉండొచ్చు. కాబట్టి కిందపడి పగిలిన ఫ్లాష్‌ని స్క్రూడ్రైవర్ పట్టుకుని విప్పొద్దు. వీడియో చూసి విప్పడం అస్సలు వద్దు. పగిలిన చోట వేలు కూడా పెట్టకుండా, వీలైతే బ్యాటరీ మాత్రం తీసి, తెలిసిన మెకానిక్‌కి ఇచ్చేయండి. పెద్ద కెమెరాల పని తెలిసినవాళ్లు కూడా ఈ 300 వోల్టుల దగ్గర ఆచితూచి చేయి పెడతారు.

ఏఏ సెల్స్‌తో నడిచే ఫ్లాష్ అయితే రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్సే మేలు. వాటి మీద 1.2 వోల్టులని రాసి ఉంటుంది, మామూలు ఆల్కలైన్ వాటి మీద 1.5 అని. ఆ తేడా చూసి ఆల్కలైన్‌వే బలమైనవి అనుకుంటారు. ఫ్లాష్‌కి కావాల్సింది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు. లోపలి అడ్డంకి తక్కువ కాబట్టి ఆ పని రీచార్జబుల్ సెల్స్ బాగా చేస్తాయి, ఫ్లాష్ కూడా త్వరగా మళ్లీ సిద్ధమవుతుంది. నాలుగు సెల్సూ ఒకేసారి కొన్నవై, ఒకేసారి చార్జ్ చేసినవై ఉండాలి. పాతవీ కొత్తవీ కలిపితే నీరసంగా ఉన్న సెల్ ముందే ఖాళీ అయిపోతుంది, మిగతా మూడూ దాన్ని తలకిందులుగా తోస్తాయి. అప్పుడే సెల్ వేడెక్కడం, కారడం. మార్కర్‌తో ఒక సెట్టు మీద 'క', ఇంకో సెట్టు మీద 'చ' అని రాసుకుంటే కలిసిపోవు.

ఇంకో ప్రమాదం ఉంది. సరిగ్గా ఏఏ సైజులోనే ఉండే లిథియం అయాన్ సెల్స్ దొరుకుతాయి, 14500 అంటారు. వాటి వోల్టేజి 3.7. నాలుగు వేశామంటే 6 వోల్టులు ఉండాల్సిన చోట దాదాపు 15 వోల్టులు పడతాయి. ఫ్లాష్ అక్కడితో సరి. సెల్ మీద అక్షరాలు ఎంత చిన్నవైనా ఒకసారి చదవండి.

లిథియం అయాన్ ప్యాక్‌తో వచ్చే ఫ్లాష్ అయితే ప్యాక్‌ని బల్ల మీద పడుకోబెట్టి పక్కనుంచి చూడండి. ఏమాత్రం ఉబ్బినట్టున్నా, గూట్లోకి బిగుతుగా వెళ్తున్నా దాని పని అయిపోయినట్టే. షూట్ నుంచి వేడిగా వచ్చిన ప్యాక్‌ని వెంటనే చార్జర్‌లో పెట్టొద్దు, చల్లబడనివ్వండి. చార్జింగ్ పెట్టి నిద్రపోయే అలవాటు మానుకోండి. విమానంలో వెళ్తుంటే విడి ప్యాక్‌లు చెక్‌ఇన్ లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. కొనలు ఒకదానికొకటి తగలకుండా టేపు వేయండి. ఫ్లాష్ ప్యాక్‌లు సాధారణంగా 100 వాట్ అవర్ పరిమితికి చాలా లోపే ఉంటాయి కాబట్టి ఆ లెక్కతో ఇబ్బంది ఉండదు.

బిగించేటప్పుడు

ట్రిగ్గర్ అంటే కెమెరా మీద కూర్చుని, దూరంగా ఉన్న ఫ్లాష్‌ని రేడియోతో వెలిగించే చిన్న పెట్టె. ట్రిగ్గర్, ఫ్లాష్, కెమెరా మూడూ స్విచ్ ఆపి ఉన్నప్పుడే బిగించాలి. హాట్‌షూ, అంటే కెమెరా పైన ఫ్లాష్ తగిలించే గాడి, మధ్యలో ఒక పెద్ద కాంటాక్టు, దాని చుట్టూ చిన్న చిన్నవి ఉంటాయి. స్విచ్ వేసి ఉన్న ఫ్లాష్‌ని జారిస్తే దారిలో ఒక పిన్ను ఇంకోదాని చోట తగిలి ఫ్లాష్ దానంతట అదే వెలగొచ్చు, అదీ మన మొహానికి దగ్గర్లో. లాక్ చక్రాన్ని పూర్తిగా వదులు చేసి, ట్రిగ్గర్ పాదాన్ని అంచుదాకా నెట్టి, అది ఆగిందని వేలికి తెలిశాకే బిగించండి. కొంచెం వెనక ఆగినా మధ్య కాంటాక్టు కలుస్తుంది, చుట్టూ ఉన్నవి కలవవు. అప్పుడు పవర్ మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్‌లో ఫ్లాష్ వెలుగుతుంది గానీ, కెమెరానే వెలుగు కొలిచి పవర్ నిర్ణయించే టీటీఎల్ పనిచేయదు. తీరా తప్పు ఎక్కడుందో వెతుకుతూ మెనూలన్నీ తిరగేస్తాం.

ట్రిగ్గర్ మీ కెమెరా బ్రాండుకి తయారైనదే అయ్యుండాలి. షూలో పడుతోంది కదా అని వేరే బ్రాండుది తగిలించొద్దు, పిన్నుల అమరిక వేరు.

ఇంట్లో ఎవరిదో పాత ఫిల్మ్ కాలపు ఫ్లాష్ ఉంది, వాడుకుందాం అనుకుంటే ఇంకో సంగతి చూడాలి. కొన్ని పాత ఫ్లాష్‌ల పాదం దగ్గర 200 వోల్టులు దాటి ఉంటాయి. ఇప్పటి కెమెరాల్లో కొన్ని 250 దాకా తట్టుకుంటాయి, పాత డిజిటల్ కెమెరాల్లో కొన్నింటికి 6 వోల్టులే హద్దు. కెమెరా తట్టుకున్నా రేడియో ట్రిగ్గర్ తట్టుకోకపోవచ్చు, దాని హద్దు దానిది. రెండు మాన్యువల్సూ చూడండి, ఫ్లాష్‌ని పూర్తిగా చార్జ్ చేసి మధ్య కాంటాక్టుకీ పక్క పట్టీకీ మధ్య మల్టీమీటర్ పెట్టి కొలిపించండి. మీటరు వాడటం రాకపోతే ఆ ఫ్లాష్‌ని షోకేసులో ఉంచడమే నయం.

చానెల్, గ్రూపు, షట్టర్

ట్రిగ్గర్, ఫ్లాష్‌లు మాట్లాడుకునే చానెల్ అన్నిట్లో ఒకటే ఉండాలి, ఐడీ నంబరు ఉంటే అదీ ఒకటే. గ్రూపు మాత్రం ఫ్లాష్‌కొకటి, ఏ, బీ, సీ అని. అప్పుడే ట్రిగ్గర్ దగ్గర నిలబడి ఒక్కోదాన్ని విడిగా తగ్గించుకోవచ్చు, స్టాండు దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. ఫ్లాష్ వెనక చిన్న ముక్క టేపు వేసి దాని గ్రూపు రాసి పెట్టండి. డబ్బాలోంచి తీసినప్పుడున్న చానెల్ 1 మీదే వదిలేయొద్దు, పక్క ఫొటోగ్రాఫర్ కూడా అక్కడే ఉంటాడు. చాలా ట్రిగ్గర్లు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, వైఫై కూడా అక్కడే తిరుగుతుంటుంది. ఫ్లాష్‌లు ఒకసారి పడి, ఒకసారి పడకపోతుంటే ముందు చానెల్ మార్చి చూడండి.

ఈ తరంగాలను మనుషుల ఒళ్లు బాగానే మింగేస్తుంది. ఖాళీ గదిలో చక్కగా పనిచేసిన ట్రిగ్గర్ జనం నిండాక మొరాయించేది అందుకే. కాబట్టి టెస్టింగ్ బల్ల మీద పక్కపక్కన పెట్టి కాదు, రేపు ఎంత దూరం ఉంటుందో అంత దూరంలో, మధ్యలో ఇద్దరు మనుషుల్ని నిలబెట్టి చేయండి. స్టాండు ఎత్తు పెంచితే రేడియోకీ దారి దొరుకుతుంది. కొన్ని ట్రిగ్గర్లకు మరీ దగ్గరగా ఉన్నా ఇబ్బందే. వాటి మెనూలో దగ్గర దూరానికి వేరే సెట్టింగు ఉంటుంది.

రేడియో లేకుండా వెలుగు చూసి వెలిగే ఆప్టికల్ స్లేవ్ మోడ్ ఉందే, అది నలుగురు కెమెరాలు పట్టుకున్న చోట పనికిరాదు. ఎవరి ఫ్లాష్ పడినా మీది కూడా పడుతుంది, బ్యాటరీ ఖాళీ, పైగా వేడి. ఇందులో రెండు సెట్టింగులు: ఎస్‌1 మొదటి వెలుగుకే స్పందిస్తుంది, ఎస్‌2 ముందు పడే మీటరింగ్ మెరుపుని వదిలేసి అసలు దానికి స్పందిస్తుంది. ఎండలో రెండూ గుడ్డివే అనుకోండి.

షట్టర్ స్పీడు మీ కెమెరా సింక్ స్పీడు, అంటే ఫ్లాష్ వెలుగు ఫొటో మొత్తానికీ అందే గరిష్ఠ స్పీడు, దాటొద్దు. చాలా కెమెరాల్లో అది 1/200 లేదా 1/250. ఫొటో కింద నల్లటి పట్టీ వచ్చిందంటే దాటామని అర్థం. రేడియో ట్రిగ్గర్ కొంచెం ఆలస్యం చేస్తుంది కాబట్టి నేనైతే 1/160 దగ్గరే ఉంటాను. మిర్రర్‌లెస్ కెమెరాల్లో సైలెంట్, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్ ఆన్ అయి ఉంటే చాలావాటిలో ఫ్లాష్ అసలు పడదు. ఫ్లాష్ చెడిపోయిందని షాపుకి పరుగెత్తేముందు ఈ ఒక్కటీ చూడండి.

స్టాండు

నన్నడిగితే వైర్‌లెస్ ఫ్లాష్ పెట్టే మొత్తం భయంలో సగం స్టాండుదే. రేడియో దెబ్బకి ఎవరికీ ఏమీ కాదు. రెండు మీటర్ల ఎత్తు నుంచి ఫ్లాష్, బ్రాకెట్, వెలుగుని మెత్తబరిచే సాఫ్ట్‌బాక్స్ కలిసి ఓ పిల్లాడి తల మీద పడితే మాత్రం అవుతుంది.

కాళ్లు పూర్తిగా విచ్చుకోవాలి. జాగా చాలట్లేదని కాళ్లు దగ్గరికి ముడిచి పెట్టారంటే ఆ స్టాండు అక్కడ ఉండకూడదు. లైటు ఎటు వంగి ఉందో ఒక కాలు అటే ఉండాలి. ఎత్తు పెంచేటప్పుడు లావు గొట్టం ముందు, సన్నది చివర. చాలామంది చేతికి అందుతుందని పైనున్న సన్న గొట్టాన్నే మొత్తం లాగేస్తారు, ఇక చిన్న కుదుపుకీ పైన ఊగుతుంటుంది. దించేటప్పుడు ఒక చేత్తో పై గొట్టాన్ని పట్టుకుని ఇంకో చేత్తో మరను వదులు చేయండి. గాలి కుషన్ లేని స్టాండు ధడాలున జారి వేళ్లు నలుగుతాయి.

ఇసుక సంచి తప్పనిసరి, గది లోపల కూడా. నడుము ఎత్తున వేలాడదీస్తే అదే ఊగి స్టాండుని ఊపుతుంది. కాళ్ల మీద, నేలకి ఆనుకునేలా వేయండి. సంచి లేకపోతే నీళ్ల సీసాలు నింపిన బ్యాగైనా సరే. ఆరుబయట ఫ్లాష్‌కి వెలుగు మెత్తబరిచే గొడుగు తగిలించారంటే అది తెరచాపే. ఒక మోస్తరు గాలికే స్టాండుతో సహా లేచి పడుతుంది. అక్కడ సంచుల మీద నమ్మకం పెట్టుకోవద్దు, స్టాండు పట్టుకోవడానికే ఒక మనిషిని పెట్టండి. మనిషి దొరక్కపోతే గొడుగు మూసేసి ఫ్లాష్ ఒక్కదాంతో కానిచ్చేయండి. వెలుగు కొంచెం గరుకుగా ఉంటే ఉండనీ.

ఫ్లాష్ పాదం నుంచి స్టాండుకి చిన్న తాడు కట్టండి, ప్లాస్టిక్ బ్రాకెట్ విరిగినా కింద పడదు. తల మీదుగా వేలాడే లైటుకైతే ఆ తాడు లేకుండా కింద ఎవర్నీ నిలబెట్టొద్దు. స్టాండు జరపాల్సి వస్తే గొట్టం పట్టుకుని ఎత్తండి, ఫ్లాష్ పట్టుకుని కాదు. జనం నడిచే దారిలో, తలుపు తెరుచుకునే వైపు అసలు పెట్టకండి.

వేడి, కళ్లు, చర్మం

ఫుల్ పవర్‌లో వరసగా కొడుతుంటే గొట్టం, బ్యాటరీలు, ముందున్న ప్లాస్టిక్ అద్దం అన్నీ కాలతాయి. ఫుల్ పవర్‌లో ఇన్ని కొట్టాక ఇన్ని నిమిషాలు ఆపాలని చాలా ఫ్లాష్‌ల మాన్యువల్ పుస్తకంలో ఉంటుంది. ఆ అంకె మీ ఫ్లాష్‌ది చూసి ట్రిగ్గర్ వెనక రాసి అంటించుకోండి. ఫ్లాష్ జూమ్ ఎక్కువ పెడితే వేడి ఒక్కచోటే చేరుతుంది, వెలుగు రంగు మార్చే పల్చటి జెల్ ముక్క అద్దానికి అంటుకుని ఉంటే అదే కరుగుతుంది. సింక్ స్పీడు దాటినా ఫ్లాష్ వాడుకోనిచ్చే హై స్పీడ్ సింక్ మోడ్‌లో కూడా ఇదే గొడవ. దీనికి మంచి మందు పవర్ తగ్గించడం. స్టాండుని దగ్గరికి జరిపి, దూరం సగం చేస్తే నాలుగింతల వెలుగు వస్తుంది, అంటే ఫుల్ పవర్ బదులు 1/4 సరిపోతుంది. వేడి హెచ్చరిక వెలిగితే ఆపేయండి, ఆపి మళ్లీ స్విచ్ వేసి మోసం చేయొద్దు.

ఫ్లాష్ పడకపోతే చాలామంది చేసే పని, దాన్ని చేతిలోకి తీసుకుని ముందు అద్దంలోకి తొంగిచూస్తూ టెస్ట్ బటన్ నొక్కడం. లేదా ఇంకొకరు దూరం నుంచి ట్రిగ్గర్ నొక్కడం. ఫ్లాష్ దగ్గరికి ఎవరైనా వెళ్తుంటే ముందు ట్రిగ్గర్ స్విచ్ ఆపండి. ఇది మీ అసిస్టెంట్‌కీ మీకూ మధ్య ఖాయం చేసుకోవాల్సిన ఏర్పాటు. ఫ్లాష్ తలని చర్మానికో బట్టకో ఆనించి కొడితే కాలుతుంది, ఫుల్ పవర్‌లో మరీ. పసిపిల్లలకు కనీసం ఒక మీటరు దూరం, అదీ గోడకో పైకప్పుకో కొట్టి వెనక్కి వచ్చే వెలుగుతో. బండి నడుపుతున్నవాళ్ల వైపు ఎప్పుడూ వద్దు. వరసగా టపటపా మెరిసే స్ట్రోబ్ మోడ్ వాడాలనుకుంటే, మెరుపులకు ఫిట్స్ వచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో ముందే అడగండి. అడగడానికి మొహమాటం అనిపిస్తే ఆ మోడ్ వాడకండి.

పెట్రోలు, గ్యాస్, థిన్నర్ వాసన వస్తున్న చోట స్విచ్ కూడా వేయొద్దు. వాన పడితే ఆపేయండి. ఫ్లాష్‌కి పాలిథిన్ కవరు చుట్టి కొనసాగించేవాళ్లున్నారు, లోపల వేడి చిక్కుకుంటుంది, నీరూ ఎక్కడో దూరుతుంది. తడిసిన ఫ్లాష్‌ని తడి చేత్తో ముట్టుకోవద్దు, పొడి గుడ్డతో పట్టుకుని బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. పూర్తిగా ఆరినట్టు కనిపించినా చూపించాకే స్విచ్ వేయండి.

షూట్ అయ్యాక ఫ్లాష్‌లని వెంటనే బ్యాగులో కుక్కకుండా కాసేపు బయటే ఉంచి చల్లారాక సర్దండి. సెల్స్ చేతికి చాలా వేడిగా ఉండొచ్చు, గబుక్కున లాగొద్దు. కొన్నాళ్లు పని లేకపోతే సెల్స్ బయటికి తీసి పెట్టండి, లోపల కారితే స్ప్రింగులు తుప్పు పట్టిపోతాయి. ఊరికే పడున్న ఫ్లాష్‌ని నెలకోసారి పూర్తిగా చార్జ్ అవనిచ్చి నాలుగైదు సార్లు కొట్టి మళ్లీ పెట్టేస్తే కెపాసిటర్ బాగుంటుంది. ట్రిగ్గర్‌లోనూ సెల్స్ ఉంటాయి, అవీ తీయండి.