పాఠం 7: రిట్రైలు ఎన్ని వచ్చినా ఆర్డర్ ఒక్కటే పడాలి

పోయిన పాఠంలో టైమౌట్‌ల గురించి చెప్పుకున్నాం. కస్టమర్ చెల్లింపు బటన్ నొక్కాడు, ముప్పై సెకన్లయినా జవాబు రాలేదు. రిక్వెస్ట్ సర్వర్‌కి చేరనే లేదేమో, చేరి మధ్యలో ఆగిపోయిందేమో, లేదా పనంతా పూర్తయి జవాబొక్కటే దారిలో పోయిందేమో. ఏది జరిగిందో యాప్‌కి తెలిసే వీలు లేదు కాబట్టి మళ్లీ పంపుతుంది. ఇదే రిట్రై. చివరిదే నిజమైతే డబ్బు రెండుసార్లు కట్ అవుతుంది.

ఒకసారి నొక్కగానే బటన్‌ని డిజేబుల్ చేస్తే చాలదా? చాలదు. పేజీ రీలోడ్ చేసినా, మొబైల్ యాప్ తనంతట తాను రిట్రై చేసినా ఆ రక్షణ ఉండదు. గెట్, పుట్, డిలీట్ రిక్వెస్ట్‌లు ఎన్నిసార్లు వచ్చినా సర్వర్ మీద ప్రభావం ఒకటే ఉండాలని హెచ్‌టీటీపీ నియమం. ఆర్డర్ లాంటివి పంపే పోస్ట్ రిక్వెస్ట్‌కి ఆ హామీ లేదు. అందుకే, రిక్వెస్ట్‌లను వెనకున్న సర్వర్లకి పంచే ఎన్‌జిన్ఎక్స్ 1.9.13 వెర్షన్ నుంచి, ఒక సర్వర్‌కి పంపేసిన పోస్ట్‌ని మనం ప్రత్యేకంగా చెబితే తప్ప ఇంకో సర్వర్‌కి పంపదు. పోస్ట్‌కి ఆ హామీని మన కోడే ఇవ్వాలి.

దీనికి వాడేది ఐడెంపొటెన్సీ కీ, అంటే మళ్లీ వచ్చిన రిక్వెస్ట్ పాతదేనని సర్వర్ గుర్తుపట్టే గుర్తు. క్లయింట్ (యాప్ లేదా బ్రౌజర్) ఒక యూయూఐడీ, అంటే ఇంకోదానితో కలవని పొడవాటి ఐడీ, తయారుచేసి హెడర్‌లో పంపుతుంది. కీ ఎప్పుడు పుట్టాలన్నది ముఖ్యం. ప్రతి క్లిక్‌కీ కొత్త కీ పుడితే ప్రయోజనం సున్నా. చెకౌట్ మొదలైనప్పుడు పుట్టాలి, ఆ ఆర్డర్ తేలేదాకా అన్ని రిట్రైలకూ అదే వెళ్లాలి, రీలోడ్ చేసినా పోకుండా లోకల్ స్టోరేజ్‌లో ఉండాలి.

ఇక సర్వర్ వైపు. చాలా కోడ్‌లలో కనిపించే పద్ధతి ఇది: ముందు సెలెక్ట్‌తో కీ ఉందేమో చూడటం, లేకపోతే ఇన్‌సర్ట్ చేయడం. ఇది తప్పు. ఒకే క్షణంలో వచ్చిన రెండు రిక్వెస్ట్‌లూ ‘లేదు’ అనే చూస్తాయి, రెండూ ముందుకెళ్తాయి. చూడటం మానేసి నేరుగా ఇన్‌సర్ట్ చేయండి. యూజర్ ఐడీ, కీ రెండింటినీ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే జత రెండోసారి చేరకుండా ఆపే నియమం) పెట్టండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 9.5 వెర్షన్ నుంచి ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డు నథింగ్’ ఉంది: కీ అప్పటికే ఉంటే ఎర్రర్ ఇవ్వకుండా ఇన్‌సర్ట్‌ని వదిలేస్తుంది. ఒక వరుస చేరిందంటే మీ రిక్వెస్టే మొదటిది. సున్నా అని వస్తే పని ఇంకొకరి చేతిలో ఉంది, లేదా అయిపోయింది. మొదటి ట్రాన్సాక్షన్ (కలిసే జరగాల్సిన డేటాబేస్ పనుల కట్ట) ఇంకా కమిట్ కాకపోతే, అంటే ఖాయం కాకపోతే, రెండో ఇన్‌సర్ట్ ఆగి చూస్తుంది. మొదటిది రోల్‌బ్యాక్ అయితే, అంటే రద్దయితే, రెండోది లోపలికి వెళ్తుంది. మీరు రాయాల్సిన లాక్‌ని డేటాబేసే పట్టుకుంటోంది.

కీ పక్కన రిక్వెస్ట్ బాడీ హ్యాష్ (అందులోని డేటా నుంచి లెక్కగట్టే చిన్న గుర్తు), స్థితి, పంపిన జవాబు కూడా దాచండి. పని పూర్తయి ఉంటే పాత జవాబునే తిరిగి ఇవ్వండి. ఇంకా నడుస్తుంటే 409 ఎర్రర్ కోడ్ పంపండి. అదే కీతో వేరే బాడీ వస్తే 422. ఈ కీని రెడిస్‌లో (మెమరీలో డేటా దాచే వేరే స్టోర్) పెడదామని కొందరంటారు. ఆర్డర్ పోస్ట్‌గ్రెస్‌లో ఉన్నప్పుడు నేను ఒప్పుకోను. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో కమిట్ కావు కాబట్టి, మధ్యలో సర్వర్ పడిపోతే ఒకటి ఉండి రెండోది ఉండదు.

అసలు కష్టం డబ్బు కట్ చేసే పేమెంట్ గేట్‌వే దగ్గర. బయటి సర్వీస్‌కి చేసిన కాల్‌ని రోల్‌బ్యాక్ చేయలేం. కాబట్టి కీని ‘నడుస్తోంది’ స్థితితో ముందే కమిట్ చేసి, తర్వాత గేట్‌వేని పిలిచి, ఫలితాన్ని ఇంకో ట్రాన్సాక్షన్‌లో రాయాలి. గేట్‌వేకీ ఒక కీ పంపాలి. స్ట్రైప్ అనే గేట్‌వే దీన్ని హెడర్‌గా తీసుకుంటుంది. మొదటి ఫలితాన్ని, అది 500 ఎర్రర్ అయినా సరే, దాచి అదే తిరిగి ఇస్తుంది. కనీసం 24 గంటలు గడిచాకే స్ట్రైప్ ఆ కీలను తొలగించవచ్చు. ‘నడుస్తోంది’ దగ్గరే ఇరుక్కున్న వరుసల కోసం ఒక జాబ్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) రాయండి. అది గేట్‌వేని స్థితి అడిగి తేల్చాలి, ఊహించి ఫెయిల్ అని రాయకూడదు.

అభ్యాసం: టెస్ట్ సర్వర్ మీదకి ఒకే కీతో 50 రిక్వెస్ట్‌లు ఒకేసారి పంపండి. ఆర్డర్ల టేబుల్లో ఒక్క వరుసే ఉండాలి. తర్వాత గేట్‌వే జవాబు వచ్చాక, దాన్ని డేటాబేస్‌లో రాసేలోపు ప్రాసెస్‌ని చంపండి. మళ్లీ స్టార్ట్ చేసి అదే కీ పంపండి, ఆపైన ఆ జాబ్‌ని నడపండి. గేట్‌వే టెస్ట్ ఖాతాలో రెండో ఛార్జ్ కనిపిస్తే, కీ గేట్‌వే దాకా వెళ్తోందో లేదో ముందు అక్కడే వెతకండి.