వానాకాలంలో మోడల్ రైళ్లు, ఓడలు చేసేవారికి జాగ్రత్తలు: మూసిన గదిలో థిన్నర్ తెరవకండి

ఈ మధ్య మన హైదరాబాదులోనే ఓడ నమూనాలు చేసే ఒకాయన ఇంట్లో మంటలు లేచాయి. జల్లు లోపలికి కొడుతోందని కిటికీ మూసి, ఏసీ వేసుకుని ఆయన పని చేసుకుంటుండగా, ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చల్లే చిన్న పరికరం) కడగడానికి గిన్నెలో పోసుకున్న థిన్నర్, అంటే రంగును పలచబరిచే ద్రావకం, ఒలికిపోయింది. తుడవడానికి పాతగుడ్డ కోసం ఆయన లోపలికి వెళ్లిన ఆ కాసేపట్లోనే పక్క హాల్లో ఎవరో దోమల బ్యాట్ నొక్కారు. ప్రాణాలు దక్కాయి గాని రెండు చేతులూ కాలాయి, ఏళ్ల తరబడి కట్టిన ఓడలూ వాటి పక్కనే ఉన్న రైల్వే లేఅవుటూ (పట్టాలు, స్టేషన్లతో కట్టిన నమూనా రైల్వే) బూడిదయ్యాయి. ఆ కుటుంబాన్ని ఇంకా నొప్పించకూడదు కనుక అంతకు మించి వివరాలు రాయను.

కత్తి పదును గురించి, జిగురు కంట్లో పడడం గురించి మీకు కొత్తగా చెప్పనవసరం లేదు. మన అభిరుచిలో ఉన్నవారిని నిలువునా ముంచగా నేను చూసిన పొరపాటు ఒక్కటే, అది వానాకాలంలో కిటికీ మూసిన గదిలో థిన్నర్ వాడడం. అనుభవం లేనివారి కంటే బాగా చేయి తిరిగినవారే ఈ పొరపాటు ఎక్కువగా చేస్తారు, దానికి కారణం ఉంది.

జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చింది మొదలు సెప్టెంబరు చివరి వరకు మన నగరంలో గాలి తేమగా ఉంటుంది. థిన్నర్ కలిపిన ల్యాకర్ పెయింట్ (ద్రావకం ఆవిరై ఆరే రంగు) చల్లినప్పుడు థిన్నర్ వేగంగా ఆవిరై, పెయింట్ పైపొరను చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలోని తేమ దాని మీద చేరి, నల్లగా నిగనిగలాడవలసిన ఇంజను బాడీ మీద తెల్లని మసక కమ్ముతుంది. ఒకసారి ఇలా రంగు చెడినవారు తర్వాతి సారి తలుపులూ కిటికీలూ మూసి, ఏసీతో గది గాలిని పొడిగా చేసుకుని చల్లుతారు. రంగు నిజంగానే చక్కగా వస్తుంది, అందుకే అది అలవాటుగా స్థిరపడిపోతుంది. అయితే మన ఇళ్లలోని స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటకు పంపదు. తేమను తీసేస్తుంది గాని థిన్నర్ ఆవిరిని గదిలోనే ఉంచుతుంది.

ఆ ఆవిరి స్వభావం తెలిస్తే ఎవరూ కిటికీ మూయరు. దుకాణాల్లో దొరికే థిన్నర్లలో సాధారణంగా టోలుయీన్, అసిటోన్ వంటి ద్రావకాలుంటాయి. నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరిని టోలుయీన్ సుమారు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే విడుదల చేస్తుంది, అసిటోన్‌కు సున్నా కంటే 20 డిగ్రీలు తక్కువైనా చాలు, కాబట్టి మన ఊళ్లో ఏసీ గది కూడా వాటికి వేడి గదే. గాలిలో టోలుయీన్ ఆవిరి ఒకటింబావు శాతం ఉన్నా మండుతుంది. గదంతా నిండనక్కర లేదు, ఎందుకంటే ఈ ఆవిరి గాలి కంటే సుమారు మూడింతలు బరువు కనుక ఒలికిన నీరులా నేలబారున పారి, తలుపు సందు కిందుగా హాల్లోకి, వంటగదిలోకి, పూజగదిలోకి చేరుతుంది. మీ బల్ల దగ్గర నిప్పు లేదని మీరు నిశ్చింతగా ఉంటారు, నిప్పు మాత్రం రెండు గదుల అవతల ఉంటుంది. శ్రావణ మాసంలో పూజగదిలో దీపాలు, సాయంత్రం దోమల బ్యాట్ చిటపటలు, ఫ్రిజ్‌లోని థర్మోస్టాట్, కరెంటు స్విచ్చి, వీటిలో ఏ నిప్పురవ్వ అయినా సరిపోతుంది. వాసన వస్తే తెలుస్తుందనుకోవడం భ్రమ, ఎందుకంటే ఆ గదిలోనే కూర్చున్నవారి ముక్కు కొద్దిసేపటికే ఆ వాసనకు అలవాటుపడి గుర్తించడం మానేస్తుంది.

ఎయిర్‌బ్రష్ గిన్నెలో పట్టేది కొద్ది మిల్లీలీటర్లే కదా అని కొందరు వాదిస్తారు. ఆ మాట నిజమే, కాని అసలు ప్రమాదం రంగు చల్లేటప్పటి కంటే తర్వాత కడిగేటప్పుడు, మూత తీసిన సీసాలోనూ వెడల్పు గిన్నెలోనూ ఉంటుంది. స్ప్రే డబ్బాలు ఇంకా ప్రమాదకరం, చాలా డబ్బాల్లో పెయింటును బయటకు నెట్టేది మండే వాయువే.

కనుక ఈ నాలుగు నెలలూ ల్యాకర్ పనిని పక్కన పెట్టి, వైరింగు, సిగ్నళ్లు, స్టేషను భవనాలు, ఓడల మీది చిన్న అమరికలు వంటివి చేసుకోవాలని నా అభిప్రాయం. రంగు తప్పనిసరి అయితే నీటితో కలిపే యాక్రిలిక్ రంగులు వాడండి. అవి ఆరడం ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి. ల్యాకరే కావాలంటే వాన వెలిసి గాలి ఆడే రోజు చూసుకుని బాల్కనీలోనో డాబా మీదో చల్లండి. తెల్లబారిన రంగును మళ్లీ గీకి వేసుకోవచ్చు.

మాస్కు విషయంలోనూ స్పష్టత అవసరం. ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది తప్ప థిన్నర్ ఆవిరిని ఆపదు. సేంద్రియ ఆవిరుల కోసం చేసిన కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు ఊపిరితిత్తులను కాపాడుతుంది, అగ్నిప్రమాదాన్ని మాత్రం ఆపదు.

ఓడలకు అఖ్రోటు చెక్క వాడేవారు మెరుగు కోసం బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్, అంటే ఉడికించిన అవిసె నూనె, పూస్తారు. ఆ నూనె గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి లోపలే పేరుకుని, ఏ నిప్పూ తగలకుండానే అవి అంటుకుంటాయి. గుడ్డను బయట విడివిడిగా పరిచి ఆరవేయండి, లేదా నీళ్లు నింపిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టండి.

రైళ్లవారికి తేమకాలంలో పట్టాలు తుడిచే పని పెరుగుతుంది. స్టీలు పట్టాలు తుప్పు పడతాయి, నికెల్ సిల్వర్ (రాగి, నికెల్, జింకుల మిశ్రమ లోహం) పట్టాలు తుప్పు పట్టవు గాని మసకబారుతాయి. మండే ద్రవమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేవారు ముందు కరెంటు ఆపి, పూర్తిగా ఆరిన తర్వాతే ఇంజను నడపాలి. ఇంజను చక్రాల దగ్గరా, మోటారు బ్రష్‌ల దగ్గరా నిప్పురవ్వలు వస్తూనే ఉంటాయి.

నిల్వ మాట. రాణీగంజ్ వంటి చోట్ల థిన్నర్ చౌకగా దొరుకుతుందని అయిదేసి లీటర్లు తెచ్చి ఇంట్లో దాచేవారున్నారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనం కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములకు మంటలు అంటుకున్నప్పుడు, ఆ డ్రమ్ములతో ఏ సంబంధమూ లేని పై అంతస్తుల కుటుంబాలవారు ప్రాణాలు కోల్పోయారు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు ఇది మరచిపోకూడదు. పావు లీటరుకు మించి తేకండి.

తాగునీటి సీసాలో థిన్నర్ పోయకండి. బిగుతుగా మూత పడే రేకు డబ్బాలోనే ఉంచండి.

మీటర్ల గదిలో, మెట్ల కింద, ఇన్వర్టర్ పక్కన ఆ డబ్బా పెట్టకండి.

మూసిన గదిలో థిన్నర్ తెరవకండి. కిటికీకి ఎదురుగా మరో కిటికీయో తలుపో తెరచి ఉంటేనే గాలి ఆడుతుంది, ఒక్క కిటికీ ఓరగా తీస్తే చాలదు.

మామూలు టేబుల్ ఫ్యాన్ కిటికీలో పెట్టి ఆవిరిని లాగించకండి, దాని మోటారూ స్విచ్చీ నిప్పురవ్వకు చోటు.

పని మొదలుపెట్టే ముందు ఇంట్లో అందరికీ చెప్పండి. దీపం, అగరుబత్తి, స్టవ్, దోమల బ్యాట్ ఏవీ వద్దు.

మోడల్ రైళ్లు నడపడానికి అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకండి.

రేడియో కంట్రోల్ ఓడల లిథియం బ్యాటరీలు ఉబ్బితే మళ్లీ చార్జింగ్ పెట్టకండి. నిద్రపోయేటప్పుడు ఏ బ్యాటరీనీ చార్జింగులో ఉంచకండి.

థిన్నర్ ఒలికితే ఏ స్విచ్చీ వేయకండి, ఆపకండి. ఏసీ రిమోట్ కూడా ముట్టుకోకండి. కిటికీలు తెరచి అందరినీ బయటకు పంపండి, గుడ్డ సంగతి ఆ తర్వాత.

ఏసీ ఉందని కిటికీ మూయకండి. వాన పడుతోందని కిటికీ మూయకండి. మూయక తప్పకపోతే థిన్నర్ డబ్బాకు మూత బిగించి, పని ఆపి లేవండి.

బల్ల దగ్గర కాకుండా గది వాకిలి దగ్గర పొడి రసాయనపు అగ్నిమాపక సిలిండర్ ఉంచండి. మండుతున్న థిన్నర్ మీద నీళ్లు పోయకండి, నీటి మీద తేలి మంట ఇంకా పాకుతుంది. గిన్నెలో మాత్రమే మంట ఉంటే లోహపు మూత వేయండి, ఆ గిన్నెను చేత్తో ఎత్తుకుని బయటకు పరుగెత్తకండి. మంట గిన్నె దాటితే మోడళ్ల కోసం వెనక్కి తిరగకండి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చి 101కి ఫోన్ చేసి, లోపల థిన్నర్ ఎంత ఉందో, ఎక్కడ ఉందో మొదటే చెప్పండి.