కువైట్, సౌదీ పోయే మన ఆడోళ్లు బట్టల రూల్ ముందే ఎట్ల తెలుసుకోల్ల

కడప, రాయచోటి, రాజంపేట పక్కనుంచి గల్ఫ్ పోయే అక్కచెల్లెళ్లు చానామంది అడిగేది ఒకటే, ఆడ తలకు గుడ్డ కట్టుకోవాల్నా, బురఖా లేకుంటే పోలీసోళ్లు పట్టుకుంటారా అని. ఏజెంటు నోటికొచ్చింది చెప్తాడు, ఊర్లో ఒగరొకటి చెప్తారు. అందుకే ముందు "గల్ఫ్‌లో ఎట్లుంటాది" అని అడగడం మానేయండి, దేశం పేరు పెట్టి అడగల్ల, ఒక్కో దేశం గవర్నమెంట్‌ది ఒక్కో రూల్.

కువైట్‌లో బయట తిరిగేటప్పుడు తల కప్పుకోవాలని చట్టం లేదు. ఆడ ఆడోళ్లకు ఓటు హక్కు వచ్చిందే 2005లో, 2009లో నలుగురు ఆడోళ్లు పార్లమెంట్‌కి గెలిచినారు, వాళ్లల్లో ఇద్దరు హిజాబ్ వేసుకోరు, దానిమీద కేసు పడితే ఆ సంవత్సరమే రాజ్యాంగ కోర్టు ఎంపీలు హిజాబ్ వేసుకోవాలనే నిబంధన లేదని తీర్పిచ్చింది. కాబట్టి చట్టం పేరు చెప్పి ఎవరన్నా భయపెడితే ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

సౌదీ కథ వేరే. ముందు మతం పోలీసులు బజార్లో ఆపి అడిగేవాళ్లు, 2016లో వాళ్లకు అరెస్ట్ చేసే అధికారం తీసేసినారు, 2018లో యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్ టీవీలో, మర్యాదగా ఉండే బట్టలు చాలు, నల్ల అబాయానే (బట్టలపైన ఒళ్లంతా కప్పే వదులు గౌను) కావాలని షరియత్‌లో లేదు అన్నాడు, 2019లో టూరిస్ట్ వీసాలు మొదలుపెట్టినప్పుడు పరాయి దేశం ఆడోళ్లకు అబాయా తప్పనిసరి కాదన్నారు, కానీ భుజాలు మోకాళ్లు కప్పుండల్ల. ఇరాన్‌కు జియారత్ (దర్గాల యాత్ర) పోయేవాళ్లు మాత్రం ఇది నమ్ముకోని పోవద్దండి, ఆడ 1983 నుంచి చట్టమే ఉంది, ఏ మతమైనా, ఏ దేశమైనా తల కప్పుకోవాల్సిందే.

ఇంగ అసలు చిక్కంతా ఇంటి రూల్‌తో. గవర్నమెంట్ అడగకపోయినా పనిచేసే ఇంట్లో మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, అడుగుతాది, ఇంట్లో పొడుగు గౌను వేసుకో, బయటికొస్తే తలకు గుడ్డ కట్టుకో అని. అందుకే సంతకం పెట్టకముందే అడగల్ల, ఇంట్లో ఏం వేసుకోవాల, బయటికి ఏం వేసుకోవాల, ఆ బట్టల డబ్బులు ఎవరివి, జీతంలో కట్ చేస్తారా, మేము హిందువులం లేదా క్రైస్తవులం, మాకూ గుడ్డ కట్టమంటారా. ఫోన్లో చెప్పింది వదిలేసి వాట్సాప్‌లో రాయించుకోండి, కుదిరితే కాంట్రాక్ట్‌లోనే. నా మట్టుకు, వేసుకోమని బలవంతం చేసే గవర్నమెంటూ తప్పే, తీసేయమని బలవంతం చేసే గవర్నమెంటూ తప్పే, అది ఆ ఆడమనిషి ఇష్టం, కానీ ఇంగొకరి దేశంలో ఇంగొకరి ఇంట్లో ఒంటరిగా ఉండేటప్పుడు ఇష్టం గట్టిగా చెప్పుకోవడం చానా కష్టం, అందుకే ఈడ ఉన్నప్పుడే అడగమంటాండా.

మొహం కప్పే నఖాబ్ వేసుకునే చెల్లెళ్లకు ఇంకోటి. పాస్‌పోర్ట్ ఫోటోలో తలకు గుడ్డ ఉండొచ్చు, గడ్డం నుంచి నుదురు దాకా మొహమంతా కనపడల్ల. ఎయిర్‌పోర్ట్‌లో మొహం చూపించమంటారు, అది తప్పదు, కానీ లేడీ ఆఫీసర్‌ని పిలవమని అడగండి, మొహమాటపడొద్దు.

కాగితాల సంగతి తేలిగ్గా తీసుకోవద్దండి. ఈసీఆర్ పాస్‌పోర్ట్ (గల్ఫ్‌కు పనికి పోయే ముందు మన గవర్నమెంట్ పర్మిషన్ తీసుకోవాల్సిన పాస్‌పోర్ట్) ఉన్న ఆడోళ్లకు 30 ఏళ్లు నిండకుండా ఇంటిపనికి పోయే పర్మిషన్ రాదు, వయసు మార్చి పంపిస్తాననే ఏజెంటును గడపలోకి రానీయొద్దు. విజిట్ వీసా మీద పోయి పని చేస్తే, బట్టల విషయమే కాదు జీతం ఎగ్గొట్టినా కంప్లైంట్ పెట్టేదానికి కష్టమైపోతాది. ఈ-మైగ్రేట్‌లో (పరాయి దేశం పనులకు మన గవర్నమెంట్ వెబ్‌సైట్) ఏజెంటు పేరుందో లేదో చూసుకోండి, కంప్లైంట్ పెట్టే మదద్ పోర్టల్, ఇండియన్ ఎంబసీ నంబర్ ఫోన్లోనే కాకుండా చీటీ మీద కూడా రాసి పెట్టుకోండి, ఫోన్ లాక్కునే ఇండ్లు ఉన్నాయి.

బ్యాగులోకి పొడుగు చేతుల కాటన్ చుడీదార్లు, రెండు పల్చని దుపట్టాలు చాలు. ఎండాకాలం ఆడ 50 డిగ్రీల దాకా పోతాది, మందం సిల్కు గుడ్డ బురఖాలు మాత్రం ఈడనుంచి కొనుక్కోని పోవద్దు.