కుక్కపిల్లను ఎప్పుడు తెచ్చుకోవాలి, బయటి ప్రపంచం ఎలా చూపించాలి

"ముప్పై అయిదు రోజులొచ్చేశాయండీ, ఇప్పుడు తీసుకెళ్తేనే మీకు బాగా మాలిమి అవుతుంది" అని అమ్మేవాళ్లు చెప్తే అస్సలు నమ్మకండి. ఇంకో మూడు వారాలు ఆ పిల్లల్ని మేపే ఖర్చు, టీకా ఖర్చు మీ మీదకు తోసేయడానికి చెప్పే మాట అది. ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు నిండాకే పిల్లను తల్లి దగ్గర నుంచి తేవాలి. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలు కూడా అదే చెప్తున్నాయి, అంతకంటే చిన్న పిల్లను అమ్మడమే తప్పు.

ఆ మూడు వారాల్లో పిల్ల నేర్చుకునేది మనం తర్వాత ఎంత ట్రైనింగ్ ఇచ్చినా అంత తేలిగ్గా రాదు. తోబుట్టువుని గట్టిగా కొరికితే అది కుయ్యిమని ఆట మానేసి వెళ్లిపోతుంది, తల్లిని కొరికితే గుర్రుమంటుంది. ఎంతవరకు కొరకొచ్చో అక్కడే తెలుస్తుంది. నెల రోజులకే వచ్చిన కుక్కపిల్లలు చేతులు రక్కేసి, కొరికేసి ఇంట్లో పిల్లల్ని ఏడిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

వయసు గురించి అబద్ధం చెప్తున్నారేమో అనుమానం వస్తే నోరు తెరిచి చూడండి. ఎనిమిది వారాలకల్లా పాలపళ్లు 28 దాదాపు అన్నీ వచ్చేసి ఉంటాయి. ముందు పళ్లే వచ్చి వెనక చిగుళ్లు బోసిగా ఉంటే ఇంకా చిన్నదన్నమాట. టీకా కార్డు కూడా అడగండి. మందు సీసా మీది స్టిక్కర్ అంటించి, డాక్టర్ సంతకం, ముద్ర ఉంటేనే లెక్క. పెన్నుతో తేదీ రాసేసి "వేసేశామండీ" అంటే వేయనట్టే అనుకుని మీ డాక్టర్ దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.

రోడ్డు పక్కన తల్లి లేకుండా దొరికిన నాటు కుక్కపిల్ల సంగతి వేరు, దానికి వారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేం. కానీ తల్లి దగ్గర్లోనే తిరుగుతుంటే పిల్లను ఎత్తుకొచ్చేయకండి, అక్కడే తల్లికి రోజూ తిండి పెడుతూ ఎనిమిది వారాలు నిండాక తెచ్చుకోండి.

ఇక ఏ నెలలో తేవాలి అంటే, నన్నడిగితే దీపావళి టపాసుల మోత పూర్తిగా అయిపోయాక. మన దగ్గర వీధి కుక్కలు ఎక్కువగా చలికాలంలోనే ఈనుతాయి కాబట్టి నాటు పిల్లలు కూడా అప్పుడే దొరుకుతాయి. ఎండలు ఉండవు, పిడుదుల బెడదా కాస్త తక్కువ. మే నెలలో విజయవాడ ఎండలో పిల్లను కారులో వేసుకుని రావడం, లేదా పండక్కి రెండు రోజుల ముందు తెచ్చి ఆ చప్పుళ్లకు వదిలేయడం, రెండూ చేయొద్దు. సంక్రాంతికి ఊరెళ్లే ప్లాన్ ఉంటే వెళ్లొచ్చాకే తెచ్చుకోండి. నెలకంటే ముఖ్యం మీ తీరిక. ఇంట్లో ఒకరైనా మొదటి రెండు వారాలు ఉండగలగాలి, అదీ రోజంతా ఒళ్లో పెట్టుకుని కాదు. మొదటి రోజు నుంచే అయిదు నిమిషాలు పక్క గదిలో ఒంటరిగా ఉంచడం, తర్వాత పది, పావుగంట, ఇలా పెంచుకుంటూ పోవాలి. లేదంటే మీరు ఆఫీసుకు వెళ్లిన రోజు అపార్ట్‌మెంట్ మొత్తం దాని ఏడుపు వింటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. కుక్కపిల్ల మెదడు కొత్తవాటిని భయం లేకుండా ఒప్పుకునే కాలం మూడో వారంలో మొదలై పన్నెండు, పద్నాలుగు వారాలకు దాదాపు ముగిసిపోతుంది. టీకాలేమో పదహారు వారాలదాకా సాగుతాయి. ఎందుకంటే జున్నుపాల ద్వారా తల్లి ఇచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పని చేయనివ్వదు, అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో బయటికి తెలీదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున వేస్తూ, చివరిది పదహారు వారాలు నిండాక పడేలా చూస్తారు. కొన్నిచోట్ల మూడు నెలలకే "అయిపోయాయి" అంటారు, పదహారు వారాల డోసు గురించి మీరే గట్టిగా అడగండి.

"టీకాలన్నీ అయ్యేదాకా గుమ్మం దాటించకండి" అన్న సలహా పాటిస్తే నాలుగు నెలలకు ఆరోగ్యంగా ఉన్న కుక్క మీ చేతిలో ఉంటుంది గానీ అది స్కూటర్ చూసి వణుకుతుంది, వాచ్‌మన్‌ను చూసి మొరుగుతుంది, పెద్దయ్యాక ఎవర్నైనా కరిచినా కరుస్తుంది. జంతువుల ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2008లోనే చెప్పింది, మొదటి టీకా పడి కనీసం ఏడు రోజులైతే ఏడెనిమిది వారాల పిల్లల్ని కూడా శుభ్రమైన చోట పప్పీ క్లాసులకు తీసుకెళ్లొచ్చని. అలాగని వీధిలో వదలమని కాదు. కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, జబ్బు చేసిన కుక్క విసర్జించిన చోట వాసన చూస్తే చాలు, అంటుకోవచ్చు.

కాబట్టి సూత్రం ఒక్కటే: కళ్లు, చెవులు బయటికి, కాళ్లు మాత్రం నేలకు తగలకూడదు. చంకలోనో, భుజానికి వేసుకునే సంచిలోనో పెట్టుకుని వీధి చివరిదాకా వెళ్లండి. మెయిన్ రోడ్డు పక్కన కారు ఆపి, ఒళ్లో కూర్చోబెట్టుకుని బస్సులు, ఆవులు, ఆటోలు, కూరగాయల బండి మైకు, అన్నీ చూపించండి, మధ్యమధ్యలో ఉడికించిన చికెన్ ముక్క పెడుతూ. హెల్మెట్ పెట్టుకున్నాయన, రెయిన్‌కోటు, గడ్డం, చేతికర్ర పట్టుకున్న తాతగారు, యూనిఫాంలో స్కూలు పిల్లలు, గ్యాస్ సిలిండర్ దించే కుర్రాడు, ఇలా రకరకాల మనుషుల్ని చూడాలి. చూస్తే చాలు, ప్రతి ఒక్కరూ ముట్టుకోవాల్సిన పని లేదు. ఇంట్లో కుక్కర్ విజిల్, మిక్సీ, ముందు దూరం నుంచి, తర్వాత దగ్గర నుంచి. బోనాల డప్పులు, వినాయక చవితి డీజే, టపాసుల చప్పుళ్లు ఫోన్‌లో బాగా తక్కువ సౌండ్‌తో పెట్టి అన్నం తినేటప్పుడు వినిపించండి.

రోజుకు ఒకటో రెండో కొత్తవి, పది నిమిషాలు, అంతే. తోక కాళ్ల మధ్యకు పోయినా, ఊరికే ఆవలిస్తున్నా, పెదాలు నాక్కుంటున్నా, ఇష్టమైన ముక్క ఇచ్చినా తినకపోయినా అది భయపడుతోందన్నమాట. వెంటనే దూరం జరగండి. "అలవాటవుతుందిలే" అని దగ్గరికి నెట్టారా, ఆ భయమే ముదిరిపోతుంది. ఎనిమిది, పది వారాల మధ్య తగిలిన బెదురు చాలా కుక్కల్లో ఎక్కువకాలం నిలుస్తుంది కాబట్టి ఆ రోజుల్లో మరీ జాగ్రత్త.

వేరే కుక్కలతో ఆడాలి కదా అంటే, టీకాలన్నీ వేసి ఉన్న, చిన్నవాటితో ఓపిగ్గా ఉండే ఫ్రెండ్స్ కుక్క చాలు, వాళ్ల ఇంట్లోనో మీ ఇంట్లోనో. వీధి కుక్కలు ఎక్కని, కడిగిన మేడ మీద కూడా ఆడుకోవచ్చు. పార్కులో గడ్డి వద్దు. చెప్పులు బయటే విడిచే అలవాటు మనకు ఎలాగూ ఉంది, అది ఇక్కడ బాగా పనికొస్తుంది, పార్వో చెప్పుల అడుగున కూడా వస్తుంది మరి. ఆసుపత్రిలో మాత్రం చాలామంది ఆదమరుస్తారు. అక్కడికి వచ్చేవే జబ్బు కుక్కలు, నేల మీద, బెంచీ మీద దించకండి, మీ వంతు వచ్చేదాకా బయటో కారులోనో ఒళ్లోనే పెట్టుకోండి. వాంతులు, రక్తంతో దుర్వాసన వచ్చే విరేచనాలు, తిండి మానేసి ముడుచుకు పడుకోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

రేబిస్ టీకా మూడు నెలలకు వేస్తారు. ఈలోపు ఏ వీధి కుక్కయినా మీ పిల్లను కరిస్తే చిన్న గాటే కదా అని వదిలేయకండి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని కుక్కపిల్ల మిమ్మల్ని గీరినా, కొరికినా పావుగంట సబ్బుతో కుళాయి కింద కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. చిన్నపిల్లే కదా, దీనికేం ఉంటుంది అనుకోవద్దు. జులై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల మీద అవగాహన దినం) సందర్భంగా ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, వయసు కుదిరితే వాడుకోండి.

పదహారు వారాల డోసు పడ్డాక ఇంకో వారం, పది రోజులు ఆగి రోడ్డు మీద నడిపించడం మొదలుపెట్టండి. మెడకు పట్టీ కంటే ఛాతీకి వేసే బెల్టు మంచిది, బెదిరినా అంత తేలిగ్గా జారిపోదు. మొదటి నడకలు తెల్లవారుజామున వద్దు, ట్రాఫిక్ లేని ఆ వేళలోనే వీధి కుక్కలు గుంపులుగా తిరుగుతాయి. కాస్త జనం మొదలయ్యాక, ఎండ ఎక్కకముందు బయల్దేరండి.