పెళ్లి డీవీడీ సిస్టంలో ఆడుతుంది గానీ ఇంట్లో ప్లేయర్‌లో ఆగిపోతుంది: సమస్య - పరిష్కారం

మన విజయనగరం, శ్రీకాకుళం ఊళ్లలో చాలా ఇళ్లల్లో ఇంకా పాత డీవీడీ ప్లేయర్లే ఉన్నాయి, పెద్దోళ్లు పెళ్లి డిస్క్ చూసేది వాటిమీదే. అందుకే ఎన్‌కోడ్ చేసేటప్పుడు (వీడియోని డిస్క్‌కి సరిపడేలా కుదించేటప్పుడు) మీ సిస్టంని కాదు, ఆ ప్లేయర్‌ని దృష్టిలో పెట్టుకోండి.

సమస్య: తలంబ్రాలు పోసేటప్పుడు, బ్యాండు దగ్గర డ్యాన్సులప్పుడు బొమ్మ ఆగి ఆగి వస్తాది, సౌండ్ తెగిపోతాది, మిగతా అంతా బాగానే ఉంటాది.

కారణం బిట్‌రేట్, అంటే సెకనుకి ఎంత డేటా వాడుతున్నామన్నది. గింజగింజా కదులుతున్న షాట్‌లో ఎన్‌కోడర్ బిట్లు ఎక్కువ అడుగుతాది. డీవీడీలో వీడియోకి గరిష్ఠం 9.8 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు), ఆడియోతో సహా అన్నీ కలిపి 10.08. మనోళ్లు క్వాలిటీ బాగుండాలని 9.5 పెట్టేసి ఆడియోని పీసీఎంలోనే (కుదించకుండా) వదిలేస్తారు, ఆ పీసీఎం ఒక్కటే 1.5 తినేస్తాది, ఇంక లిమిట్ దాటేసినట్టే కదా. పైగా ఇంట్లో రైట్ చేసిన డిస్క్ కంపెనీ డిస్క్ అంత బాగా వెలుతురు తిప్పికొట్టదు, లెన్స్ పాతదైతే చదివిందే మళ్లీ చదవాల్సొస్తాది.

పరిష్కారం: టూ పాస్ వీబీఆర్ (వీడియోని రెండుసార్లు చూసి, అవసరమైన చోటే బిట్లు ఎక్కువిచ్చే పద్ధతి) పెట్టి మాక్సిమం 8 దగ్గర ఆపండి, ఆడియో ఏసీ3లో (కుదించిన సౌండ్) 224 లేదా 256 కేబీపీఎస్ చాలు. 9కి, 8కి తేడా టీవీలో కనిపించదు, ఆగిపోతే మాత్రం అందరికీ కనిపిస్తాది.

సమస్య: ఆగదు గానీ బొమ్మంతా గళ్లుగళ్లుగా ఉంటాది, సిరిమానోత్సవం జనంలా నిండుగా ఉన్న షాట్‌లో మొహాలే తెలీవు.

ఇది దానికి రివర్స్, మూడు గంటలు ఒకే డిస్క్‌లో కుక్కేశారు. 4.7 జీబీ డిస్క్ అంటే 37,600 మెగాబిట్లు, దాన్ని సెకన్లతో భాగించండి, అంతే లెక్క. మూడు గంటలకి మొత్తం 3.48 ఎంబీపీఎస్ వస్తాది, ఆడియో పోను వీడియోకి 3.2 లోపే. రెండు గంటలైతే సుమారు 4.8, గంటన్నరకి 6.5 దాకా పెట్టుకోవచ్చు. నన్నడిగితే ముహూర్తం ఒక డిస్క్, రిసెప్షన్ ఒక డిస్క్ చెయ్యండి. ఖాళీ డిస్క్ ఖర్చెంత, ఆ పెళ్లి మళ్లీ తీయగలమా. ఒక్కటే కావాలని పట్టుబడితే సైజు 352×576కి దించండి, కాస్త మెత్తగా ఉన్నా గళ్లు తగ్గుతాయి.

కదిలినప్పుడల్లా వణుకుతుంటే బిట్‌రేట్ జోలికెళ్లకండి, ఫీల్డ్ ఆర్డర్ (బొమ్మలోని సరి, బేసి గీతల్లో ఏవి ముందు చూపాలన్న సెట్టింగ్) తప్పయ్యుంటాది, ఒరిజినల్ క్లిప్‌లో ఏదుందో అదే పెట్టండి.

ప్లేయర్ అసలు డిస్కే తీసుకోకపోతే ఫైనలైజ్ చేశారో లేదో (రాయడం పూర్తయ్యాక డిస్క్‌ని మూసేశారో లేదో) చూడండి, లేదా ఎంపీ4 ఫైల్ డేటాగా రాసేసుంటారు, పాత ప్లేయర్‌కి అందులో వాడే హెచ్.264 కుదింపు తెలీదు, డీవీడీలు వాడే ఎంపెగ్-2 కుదింపులో, డీవీడీ వీడియోగా ఆథరింగ్ చెయ్యాలి (ప్లేయర్ చదివే రూపంలో తయారుచెయ్యాలి). చివరి పది నిమిషాల్లో మాత్రమే ఆగితే బర్నింగ్ లోపం, డిస్క్ బయటి అంచు దగ్గరే తప్పులు ఎక్కువొస్తాయి, మంచి డిస్క్ తీసుకుని 4ఎక్స్ లేదా 8ఎక్స్ స్పీడ్‌లో మళ్లీ రాయండి, ఇచ్చేముందు ఆ చివరి భాగమే ఓ పాత ప్లేయర్‌లో ఆడించి చూసుకోండి.