పాత ఎలక్ట్రిక్ గిటార్ కొంటున్నారా? ముందు మూత విప్పి చూడండి

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో మూతపడిన ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర పాత ఎలక్ట్రిక్ గిటార్ అమ్మకానికి ఉందంటే, ముందు దాని తల మీద పేరు అక్షరం అక్షరం చదవండి. గివ్సన్ అని ఉంటే అది కోల్‌కతా సరుకు, అమెరికా గిబ్సన్ కాదు. వాయించుకోడానికి బాగానే ఉండొచ్చు గానీ లక్షలు పలకదు.

ఫెండర్ (ఇదీ పేరున్న అమెరికా కంపెనీయే) అనో గిబ్సన్ అనో ఉన్నా ఆ పేరొక్కటే చూసి నమ్మేయకండి, స్టిక్కర్ ఎవరైనా అంటించొచ్చు. తీగలు వదులు చేసి, పిక్‌గార్డో (ముందువైపు తీగల కింద ఉండే ప్లాస్టిక్ పలక) వెనక మూతో స్క్రూలు విప్పి, వాల్యూమ్ నాబ్ కింద ఉండే పాట్ (నాబ్ తిప్పితే శబ్దం పెంచే, తగ్గించే చిన్న భాగం) మీద అంకెలు చూడండి. ఉదాహరణకి 1376633 అని ఉందనుకోండి, 137 అంటే పాట్ తయారుచేసిన సీటీఎస్ కంపెనీ, 66 అంటే 1966, 33 అంటే ఆ ఏడాదిలో 33వ వారం. గిటార్ అంతకన్నా పాతది అయ్యే వీల్లేదు, మధ్యలో ఎవరైనా పాట్ మార్చి ఉంటే తప్ప. అందుకే పాట్‌కి వైర్లు అతికించిన సోల్డర్ కొత్తగా మెరుస్తోందేమో కూడా గమనించాలి.

ఇక రేటు. రంగు వెలిసినా, పెచ్చులు లేచినా ఒరిజినల్ రంగే కావాలి. మళ్లీ పెయింట్ కొట్టించారా, దాదాపు సగం విలువ పోయినట్టే. మెడ విరిగి అతికించినదైనా అంతే. ఫెండర్లలో 1965లో కంపెనీ సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థ చేతికి వెళ్లకముందు చేసినవాటికి గిరాకీ చాలా ఎక్కువ. ఆన్‌లైన్‌లో అడుగుతున్న ధర కాదు, అమ్ముడైన ధర చూసి బేరమాడండి. "పాలిష్ చేయించి ఇస్తాం బాబూ" అంటే మాత్రం వద్దనండి.