మీ కథ మీకే నచ్చడం లేదా? ఇలా చదివి చూడండి

రాత్రి పన్నెండింటికి మారతహళ్లి పీజీలో కూర్చుని రాస్తున్నప్పుడు కథ బ్రహ్మాండంగా ఉంటుంది. పొద్దున ఆఫీసు క్యాబ్‌లో ఫోన్‌ తెరిచి చదివితే 'ఛీ, ఇది రాసింది నేనేనా?' అనిపిస్తుంది. బెంగళూరులో ఉంటూ తెలుగులో రాసేవాళ్లకి ఇంకో దిగులు కూడా. రోజంతా ఇంగ్లీషు, కన్నడ, హిందీల మధ్య తిరిగి తిరిగి మన తెలుగు పలచబడిపోయిందేమోనని. దాంతో సగం కథలు డ్రాఫ్టులుగానే మూలన పడిపోతాయి.

ముందుగా, రాసిన వెంటనే చదవకండి. అప్పుడు మీరు చదివేది కాగితం మీదున్నది కాదు, మీ బుర్రలో ఉన్నది. పడిపోయిన మాటల్ని కూడా మనసు పూరించేసుకుంటుంది. చిన్న కథకి ఒక వారం చాలు. అంతకన్నా ఎక్కువ ఆగితే ఆ ఫైలు ఇక తెరవరు. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

తర్వాత దాని రూపం మార్చండి. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించండి. కుదరకపోతే గూగుల్ డాక్స్‌లో ఫాంటు మండలి నుంచి సురన్నకి మార్చి, సైజు పెంచండి. లైన్లు వేరేచోట విరుగుతాయి, అలవాటుగా జారిపోయే కన్ను కాస్త ఆగుతుంది.

మొదటిసారి చదివేటప్పుడు దిద్దకండి. వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రో పర్పుల్ లైన్‌ ఎక్కితే కబ్బన్ పార్క్ వచ్చేలోపు చిన్న కథ అయిపోతుంది, సీటు దొరికితే. పెన్సిల్‌తో రెండే గుర్తులు పెట్టండి: బాగుందనిపించిన చోట టిక్కు, చదవకుండా దాటేయాలనిపించిన చోట చుక్క. టిక్కులు పెట్టడానికి సిగ్గుపడొద్దు. దిద్దే ఊపులో మంచి వాక్యాన్ని పాడుచేయకుండా కాపాడేవి అవే.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు మీ కథని మీరు ఏమని తిట్టుకుంటున్నారో రాయండి, మొహమాటం లేకుండా. కుడివైపు ఆ తిట్టు ఏ వాక్యానికి తగులుతుందో రాయండి. 'నాకు రాయడం రాదు' అన్నదానికి కుడివైపు ఏమీ ఉండదు. కొట్టేయండి. 'రెండో పేరాలో ఏడుపు ఎక్కువైంది' అన్నదానికి మాత్రం వాక్యం దొరుకుతుంది: 'ఆమె గుండె లోతుల్లో చెప్పలేని ఆవేదన సుడులు తిరిగింది.' దీన్ని ఇలా బాగుచేయొచ్చు: 'అవతల అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆమె ఇంకా హలో, హలో అంటూనే ఉంది.' ఆవేదన అన్న మాటే లేదు, అయినా తెలుస్తోంది. వాక్యం చూపించలేని తిట్టు విమర్శ కాదు, అలసట. నిద్రపోతే చాలావరకు పోతుంది.

పోకుండా, రోజుల తరబడి పనినీ తిండినీ నిద్రనీ కూడా చెడగొడుతుంటే అది కథ సమస్య కాదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉచిత నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.

సంభాషణలు మాత్రం పైకి చదవాల్సిందే. రూమ్మేట్‌ ఉంటే టెర్రస్ మీదకి వెళ్లండి. అనంతపురం తల్లి 'భోజనం చేశావా కుమారా?' అనదు, 'ఏంరా, అన్నం తింటివా?' అంటుంది. ఇలాంటివి కంటికి దొరకవు, చెవికి దొరికిపోతాయి. తెలుగు పలచబడిందన్న దిగులుకి కూడా ఇదే మందు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు వాళ్ల మాటల తీరు వినండి చాలు, డిక్షనరీ అక్కర్లేదు.

ఇక దిద్దుబాటు. ముందు గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీకి వెళ్లి ఇప్పుడున్న ప్రతికి ఒక పేరు పెట్టండి. పాతది భద్రంగా ఉందని తెలిస్తే కొట్టేయడానికి చెయ్యి వణకదు. మొదటి విడతలో కథ నడక, రెండో విడతలో మాటలు, చివర్లో అచ్చుతప్పులు. అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఒత్తులు సరిచేస్తూ మొదటి పేరాలోనే తెల్లారిపోతుంది. ఒక మాట మార్చి, మళ్లీ పాత మాటే పెడుతున్నారంటే ఆపాల్సిన టైమ్ వచ్చినట్టే.

అప్పుడు ఒక్కరికి చూపించండి. 'ఎలా ఉంది?' అని అడగొద్దు. 'బాగుంది' అంటారు, మీరు నమ్మరు. 'ఎక్కడ బోరు కొట్టింది?' అని అడగండి. చెప్పిన చోట మీ చుక్క కూడా ఉంటే అక్కడ కత్తిరించండి. లేకపోతే మీ ఇష్టం.

ఆ తర్వాత పత్రికకి మెయిల్ చేసేయండి. మెయిల్‌లో 'ఏదో రాశాను, తప్పులుంటే క్షమించండి' అని మాత్రం పెట్టకండి. ఎడిటర్ ఇక తప్పుల కోసమే చదువుతారు.